డిఫ్లేషన్ చేస్తుంటే చివరి రూట్లు ఎందుకు పాడవుతున్నాయి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండి. 12 అంతస్తుల ఫ్రేమ్‌కి నేచురల్ ఫ్రీక్వెన్సీలు, అంటే అది తనంతట తాను ఊగే వేగాలు కావాలి. మాస్, స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్‌లు రాసుకుని డిటర్మినెంట్ విప్పి 12వ డిగ్రీ పాలినామియల్ తయారు చేశారు, దాని రూట్లే ఆ ఫ్రీక్వెన్సీల వర్గాలు. న్యూటన్-రాఫ్సన్‌తో (ఒక అంచనాతో మొదలెట్టి మెట్టుమెట్టుగా సరిచేసుకుంటూ పోయే పద్ధతి) ఒక రూట్ తియ్యడం, సింథటిక్ డివిజన్‌తో దాన్ని తీసేసి డిగ్రీ ఒకటి తగ్గించడం (డిఫ్లేషన్ అంటే ఇదే), మిగిలినదాని మీద మళ్ళీ న్యూటన్, ఇలా సాగింది. మొదటి ఐదారు రూట్లు బానే ఉన్నాయి, తర్వాతవి కొంచెం తేడాగా ఉన్నాయి, చివరి నాలుగూ ఏకంగా కాంప్లెక్స్ వచ్చేశాయి. "మ్యాట్రిక్స్ సిమెట్రిక్ కదా, కాంప్లెక్స్ ఎలా వస్తాయి, కోడ్‌లో తప్పెక్కడుంది?" అన్నది మీ ప్రశ్న.

కోడ్‌లో తప్పు ఉండకపోవచ్చు. తప్పు వాడిన పద్ధతిలో ఉంది. రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తర్వాత ఓపికుంటే కింద చదువుకోండి.

ఒకటి, డిఫ్లేషన్ అనేది తర్వాతి రూట్ ఎక్కడ వెతకాలో చూపించడానికి పనికొస్తుంది, ఆ రూట్ విలువ ఎంతో తేల్చడానికి కాదు. ఆఖరి లెక్క ఎప్పుడూ ఒరిజినల్ ఈక్వేషన్ మీదే ముగించాలి. రెండు, మీ లెక్కకి అసలు పాలినామియల్ చెయ్యనే అక్కర్లేదు, నేరుగా మ్యాట్రిక్స్ మీదే పని చెయ్యండి. అక్కడా డిఫ్లేషన్ ఉంది, పైగా ఇంతకంటే బాగా నడుస్తుంది.

నేను స్ట్రక్చర్స్ కంటే కాలువల లెక్కలే ఎక్కువ చేశానండి, మధ్యలో కొన్నాళ్ళు కాకినాడ వైపు న్యూమరికల్ మెథడ్స్ పాఠం కూడా చెప్పాను. అందుకని మొదటి ఉదాహరణ కాలువ లోంచే తీసుకుంటాను, చేత్తో చేసి చూసుకోవచ్చు.

మన డెల్టాలో లాకుల దగ్గర, రెగ్యులేటర్ గేటు కాస్త ఎత్తి నీళ్ళు కింద నుంచి వదిలినప్పుడు చూసే ఉంటారు. గేటుకి పైన నీళ్ళు లోతుగా నెమ్మదిగా ఉంటాయి, గేటు దాటగానే పల్చగా జోరుగా దూకుతాయి. రెండు చోట్లా స్పెసిఫిక్ ఎనర్జీ (కాలువ అడుగు నుంచి కొలిచిన నీటి శక్తి, మీటర్లలో) దాదాపు ఒకటే, లోతులు మాత్రం వేరు. మీటరు వెడల్పుకి సెకనుకి 3 ఘనపు మీటర్ల నీరు, ఎనర్జీ 2 మీటర్లు అనుకుంటే వచ్చే ఈక్వేషన్ క్యూబిక్: లోతు ఘనం − 2 × లోతు వర్గం + 0.4587 = 0. కోఎఫిషియెంట్లు 1, −2, 0, 0.4587. ఆ 0.4587 అన్నది 3 వర్గాన్ని 19.62తో (గురుత్వం 9.81కి రెట్టింపు) భాగిస్తే వచ్చింది.

దీనికి మూడు రూట్లు. గేటు పైన లోతు 1.8686, గేటు కింద లోతు 0.5655, మూడోది −0.4341, దానికి భౌతికంగా అర్థం లేదు. ఇప్పుడు సరదాకి మొదటి రూట్‌ని బద్ధకంగా 1.87 దగ్గర ఆపేశాం అనుకోండి, అంటే తప్పు 0.0014. సింథటిక్ డివిజన్ చేస్తే కోఎఫిషియెంట్లు 1, −0.13, −0.2431 వస్తాయి. ఈ క్వాడ్రాటిక్ సాల్వ్ చేస్తే కింద లోతు 0.5623 వస్తుంది. అసలు విలువ 0.5655 కదా, తప్పు 0.0032. మొదటి రూట్‌లో ఉన్న తప్పు రెండో రూట్‌కి వచ్చేసరికి రెండింతలు దాటింది. ఇది ఒక్క మెట్టుకే. 12వ డిగ్రీలో ఇలాంటి మెట్లు పదకొండు. కాలువలో పైన ఎక్కడ గుర్రపుడెక్క తెగ్గొట్టి వదిలేసినా అది కొట్టుకొచ్చి శివారు తూము దగ్గరే పేరుకున్నట్టు, ప్రతి రూట్‌లోని తప్పూ చివరి రూట్ల దగ్గరకే చేరుతుంది.

ఇప్పుడు మందు చూడండి. ఆ తప్పుడు 0.5623ని పారెయ్యకండి, దాన్నే స్టార్టింగ్ వాల్యూగా పెట్టుకుని ఒరిజినల్ క్యూబిక్ మీద ఒక్కటంటే ఒక్క న్యూటన్ స్టెప్ వెయ్యండి. 0.56232 దగ్గర ఫంక్షన్ విలువ 0.0041, స్లోప్ −1.3007, భాగిస్తే సవరణ 0.0032, కొత్త విలువ 0.5655. అయిపోయింది. దీన్నే రూట్ పాలిషింగ్ అంటారు. రెండు లైన్ల కోడ్. కానీ నేను చూసిన స్టూడెంట్ ప్రోగ్రాముల్లో ఎక్కువ వాటిలో ఇదే కనిపించదు, ఎందుకంటే పుస్తకాల్లో సింథటిక్ డివిజన్ లెక్కలు చేత్తో చేసేవి, రూట్లు 1, 2, 3 అని నికరంగా వచ్చేవి, అక్కడ పాలిష్ చెయ్యాల్సిన పనే ఉండదు.

పాలిష్ చేసిన రూట్‌తోనే మళ్ళీ డివైడ్ చెయ్యాలి, ఇది కూడా చెప్పాలి. అన్నీ డిఫ్లేట్ చేసుకుంటూ పోయి చివర్లో పన్నెండూ ఒకేసారి పాలిష్ చేద్దామంటే, అప్పటికే తేడా కొట్టిన రెండు రూట్లు రెండూ పోయి ఒకే నిజమైన రూట్ మీద వాలిపోతాయి, ఒక రూట్ తప్పిపోతుంది, మీరేమో డబుల్ రూట్ అనుకుంటారు.

ఇక రెండో సంగతి, రూట్లు తీసే వరుస. ఇది నిజంగా ఆశ్చర్యంగా ఉంటుందండి. రూట్లు 1000, 1, 0.001 ఉండే క్యూబిక్ తీసుకోండి. కోఎఫిషియెంట్లు 1, −1001.001, 1001.001, −1. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ముందు పెద్ద రూట్ దొరికింది, అందులో లక్షకి ఒక వంతు తప్పు, అంటే 1000.01 వచ్చింది. మామూలుగా అయితే ఈ మాత్రం తప్పు ఎవరూ పట్టించుకోరు. దాంతో డివైడ్ చెయ్యండి. రెండో కోఎఫిషియెంట్ 1000.01 − 1001.001 = −0.991. మూడోది 1000.01 × (−0.991) + 1001.001 = 9.99109. అసలు అక్కడ రావాల్సింది 0.001! మిగిలిన క్వాడ్రాటిక్‌కి రూట్లు 0.4955 ప్లస్ ఆర్ మైనస్ 3.12 ఇమాజినరీ. రియల్ రూట్లు రెండూ మాయమై కాంప్లెక్స్ జంట వచ్చి కూర్చుంది. మీ చివరి నాలుగు రూట్లకి జరిగింది అచ్చంగా ఇదే అని నా అంచనా, ఎందుకంటే బిల్డింగ్ ఫ్రీక్వెన్సీల వర్గాల్లో పెద్దదానికీ చిన్నదానికీ మధ్య వందల రెట్లు తేడా మామూలే.

అదే చిన్న రూట్ ముందు తీస్తే? అదే లక్షకి ఒక వంతు తప్పుతో 0.00100001 అనుకుందాం. డివైడ్ చేస్తే మిగిలేది దాదాపు 1, −1001, 999.99999. రూట్లు 1000, ఇంకోటి 0.99999999. ఎనిమిది అంకెలు భద్రంగా ఉన్నాయి. ఈక్వేషన్ అదే, తప్పు శాతం కూడా అదే, వరుస మారిందంతే.

కారణం కష్టమేం కాదు. పైనుంచి కిందికి చేసే సింథటిక్ డివిజన్‌లో ప్రతి మెట్టులోనూ రూట్‌తో గుణిస్తాం. రూట్ పెద్దదైతే తప్పు కూడా అంత పెద్దదై కిందికి దిగుతుంది, రూట్ చిన్నదైతే తప్పు చిన్నదై అణిగిపోతుంది. అందుకే ఎబ్సల్యూట్ విలువలో చిన్నది ముందు, పెద్దది తర్వాత. చేతికి పెద్ద రూటే ముందు దొరికితే డివిజన్ని తిరగేసి కాన్‌స్టంట్ టర్మ్ వైపు నుంచి చెయ్యాలి, అక్కడ ప్రతి మెట్టులో గుణించడం బదులు రూట్‌తో భాగిస్తాం. ఇందాకటి 1000.01నే అలా వెనక నుంచి చేస్తే 1, −1.00099, 0.00099999 వస్తాయి, రూట్లు సుమారు 0.99999, 0.001. బతికిపోయాం. ఈ ముందు వెనకల లెక్కని లోతుగా తేల్చింది న్యూమరికల్ ఎనాలిసిస్ పండితుడు విల్కిన్సన్. 1971లో పీటర్స్‌తో కలిసి రెండు వైపుల నుంచీ చేసుకొచ్చి మధ్యలో కలిపే పద్ధతి కూడా రాశారు. 1970లో వచ్చిన జెన్‌కిన్స్-ట్రాబ్ అల్గారిథమ్ కూడా రూట్లని దాదాపు చిన్నదాని నుంచి పెద్దదానికి వచ్చేలా తీస్తుంది, దాని పేరు నిలబడటానికి అదీ ఒక కారణం.

స్టార్టింగ్ వాల్యూ సున్నా దగ్గర పెడితే చిన్న రూటే ముందు వస్తుందని గ్యారంటీ లేదు గానీ, మీలాంటి కేసులో, అంటే రూట్లన్నీ రియల్, అన్నీ పాజిటివ్ అయినప్పుడు, సున్నా నుంచి మొదలెట్టిన న్యూటన్ ఎడమ నుంచి ఎక్కుకుంటూ వెళ్ళి చిన్న రూట్ దగ్గరే ఆగుతుంది, దాటిపోదు. ఇది మీకు అదృష్టం, వాడుకోండి.

కానీ ఇవన్నీ చేసినా మీ పాలినామియల్ మీద నాకు నమ్మకం లేదు, ఎందుకో చెప్తాను. విల్కిన్సన్ చూపించిన ఉదాహరణ ఒకటి ఉంది, న్యూమరికల్ ఎనాలిసిస్ చదివే ప్రతివాళ్ళూ ఒకసారైనా చేసి చూడాలి. రూట్లు 1, 2, 3, ఇలా 20 వరకు. ఇంతకంటే మంచిగా విడివిడిగా ఉన్న రూట్లు ఉంటాయా? విప్పితే రెండో కోఎఫిషియెంట్ −210. దానిలో 2 పవర్ −23 అంత, అంటే దశాంశం తర్వాత ఏడో స్థానంలో ఒక చిన్న తేడా చేస్తే 20 రూట్లలో 10 రూట్లు కాంప్లెక్స్ అయిపోతాయి. 16, 17 అనేవి పోయి 16.73 ప్లస్ ఆర్ మైనస్ 2.81 ఇమాజినరీ వస్తాయి. ఇక్కడ డిఫ్లేషన్ లేదు, న్యూటన్ లేదు, తప్పంతా కోఎఫిషియెంట్లు రాసుకునేటప్పుడే జరిగిపోయింది. మీరు డిటర్మినెంట్ విప్పినప్పుడు ప్రతి కోఎఫిషియెంట్‌లో ఎంతో కొంత రౌండింగ్ చేరే ఉంటుంది. ఆ తర్వాత మీరు ఎంత జాగ్రత్తగా సాల్వ్ చేసినా వచ్చేవి మీ బిల్డింగ్ రూట్లు కావు, దాని పక్కింటి బిల్డింగ్ రూట్లు.

రెడీమేడ్ ప్రోగ్రాములు చేసేది దీనికి సరిగ్గా ఉల్టా. నమ్‌పై గానీ మాట్‌ల్యాబ్ గానీ, రూట్స్ కమాండ్ ఇస్తే అవి పాలినామియల్‌ని కంపానియన్ మ్యాట్రిక్స్‌గా (కోఎఫిషియెంట్లతో కట్టిన మ్యాట్రిక్స్) మార్చి ఐగెన్ వాల్యూలు తీస్తాయి. మ్యాట్రిక్స్ ఒక వెక్టర్‌ని దిశ మార్చకుండా ఎన్ని రెట్లు చేస్తుందో ఆ సంఖ్యే ఐగెన్ వాల్యూ, ఆ వెక్టర్ ఐగెన్ వెక్టర్. అంటే మీరు మ్యాట్రిక్స్ నుంచి పాలినామియల్‌కి వెళ్తున్నారు, అవి పాలినామియల్ నుంచి మ్యాట్రిక్స్‌కి వస్తున్నాయి. మీ చేతిలో మ్యాట్రిక్స్ ముందే ఉంది కదండీ, ఈ చుట్టు ప్రయాణం దేనికి?

మ్యాట్రిక్స్ సంగతికి వచ్చే ముందు పాలినామియల్ వాళ్ళ కోసం ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. అసలు డివైడ్ చెయ్యకుండానే డిఫ్లేట్ చెయ్యొచ్చు. 1954లో మేహ్లీ చెప్పిన కిటుకు. మామూలు న్యూటన్‌లో ఫంక్షన్ విలువని స్లోప్‌తో భాగిస్తాం. ఇక్కడ ఏం చేస్తామంటే, ఇప్పుడున్న చోటు నుంచి ఇప్పటిదాకా దొరికిన ప్రతి రూట్‌కీ ఉన్న దూరాన్ని తిరగేసి, అంటే ఒకటిని ఆ దూరంతో భాగించి, అవన్నీ కూడి, ఆ మొత్తాన్ని ఫంక్షన్ విలువతో గుణించి స్లోప్‌లోంచి తీసేస్తాం. వచ్చినదాంతో భాగిస్తాం. కోఎఫిషియెంట్లు చెక్కుచెదరవు, లెక్కంతా ఒరిజినల్ మీదే నడుస్తుంది, దొరికిన రూట్ దగ్గరకి వెళ్ళబోతే అది తోసేస్తుంది. పాత రూట్‌లో చిన్న తప్పున్నా కొత్త రూట్‌కి అంటదు. నేను చేత్తో కోడ్ రాయాల్సి వస్తే సింథటిక్ డివిజన్ జోలికి పోను, ఇదే వాడతాను. కాంప్లెక్స్ రూట్లు నిజంగానే ఉంటే మాత్రం స్టార్టింగ్ వాల్యూ కూడా కాంప్లెక్సే ఇవ్వాలి, రియల్ నుంచి మొదలెడితే జన్మకి అటు వెళ్ళదు.

డబుల్ రూట్ల దగ్గర ఇదేదీ పెద్దగా సాయం చెయ్యదు. ఇందాకటి కాలువలోనే ఎనర్జీ తగ్గించుకుంటూ వస్తే పై లోతూ కింద లోతూ దగ్గరై క్రిటికల్ డెప్త్ దగ్గర, మన నీటికి 0.97 మీటర్ల దగ్గర, కలిసిపోతాయి. అక్కడ 16 అంకెల లెక్కలో మీకు నమ్మకంగా దక్కేది ఎనిమిది అంకెలే. కాలువలో ఎనిమిది అంకెలు అంటే ఎక్కువే అనుకోండి, కానీ న్యూటన్ నత్త నడక నడుస్తుంది, డిఫ్లేట్ చేసిన తర్వాత అదే రూట్ మళ్ళీ వస్తుంది, చూసినవాళ్ళు బగ్ అనుకుంటారు. బగ్ కాదు, రూట్ నిజంగానే రెండుసార్లు ఉంది.

సరే, మ్యాట్రిక్స్. బిల్డింగ్‌లో మీకు కావాల్సింది చిన్న ఫ్రీక్వెన్సీలు, మొదటి మూడు నాలుగు మోడ్లు, అంటే ఊగే తీరులు. ఎత్తైన బిల్డింగ్ అయినా, కాకినాడ తీరంలో తుఫాను గాలికి నిలబడాల్సిన నీళ్ళ ట్యాంకు అయినా ముందు అడిగేది అవే. పవర్ మెథడ్ (ఒక వెక్టర్‌ని మ్యాట్రిక్స్‌తో మళ్ళీ మళ్ళీ గుణించడం) పెద్ద ఐగెన్ వాల్యూ ఇస్తుంది కాబట్టి స్టిఫ్‌నెస్ ఇన్వర్స్ మీద నడపాలి, అప్పుడు చిన్న ఫ్రీక్వెన్సీయే పెద్ద ఐగెన్ వాల్యూ అవుతుంది.

రెండంతస్తులతో చూపిస్తాను. మాస్‌లూ స్టిఫ్‌నెస్‌లూ అన్నీ ఒకటే అనుకుంటే స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ మొదటి వరుస 2, −1, రెండో వరుస −1, 1. ఇన్వర్స్ చేస్తే 1, 1 కింద 1, 2. పవర్ మెథడ్ నాలుగైదు ఇటరేషన్లలో 2.618 దగ్గరకి వచ్చేస్తుంది, మోడ్ షేప్ 1, 1.618, అంటే రెండంతస్తులూ ఒకే వైపు ఊగుతాయి. ఇప్పుడు ఈ మోడ్‌ని తీసెయ్యాలి. ఐగెన్ వాల్యూ ఇంటూ నార్మలైజ్ చేసిన వెక్టర్‌ని దానితోనే అడ్డంగా నిలువుగా గుణించిన మ్యాట్రిక్స్, దాన్ని ఒరిజినల్‌లోంచి తీసెయ్యడమే. మిగిలేది 0.2764, −0.1708 కింద −0.1708, 0.1056. దీని డయాగనల్ కూడితే 0.382, డిటర్మినెంట్ సున్నా. అంటే ఒక ఐగెన్ వాల్యూ సున్నా అయిపోయింది, మిగిలింది 0.382, అదే రెండో మోడ్, షేప్ 1, −0.618, పై అంతస్తు ఎదురు వైపు ఊగుతుంది. దీన్ని హోటెలింగ్ డిఫ్లేషన్ అంటారు. హోటెలింగ్ 1933లో ప్రిన్సిపల్ కాంపోనెంట్స్ మీద రాసినప్పుడు వాడినదే, ఇవాళ మెషిన్ లెర్నింగ్ పిల్లలు పీసీఏ అని చేసేది కూడా దాని వంశమే.

ఇక్కడ జాగ్రత్తలు మూడున్నాయి, మూడూ స్టూడెంట్ ప్రాజెక్టుల్లో మళ్ళీ మళ్ళీ చూసినవే.

మొదటిది, మాస్‌లు అన్ని అంతస్తులకీ ఒకటి కాకపోతే మోడ్లు మామూలుగా ఆర్థోగనల్ కావు, మాస్ మ్యాట్రిక్స్‌తో గుణిస్తేనే ఆర్థోగనల్. నార్మలైజ్ చేసినా తీసేసినా మధ్యలో మాస్ మ్యాట్రిక్స్ ఉండాలి. ఇది మర్చిపోతే రెండో మోడ్ చూడ్డానికి రెండో మోడ్ లాగే ఉంటుంది, ఫ్రీక్వెన్సీ మాత్రం ఎంతో కొంత తప్పు. కాంప్లెక్స్ రావడం, ఓవర్‌ఫ్లో అవ్వడం లాంటి గోల ఏదీ ఉండదు కాబట్టి ఎవరూ పట్టుకోరు.

రెండోది, మ్యాట్రిక్స్‌ని మార్చకుండా స్టార్టింగ్ వెక్టర్ లోంచి మొదటి మోడ్‌ని తీసేసి ఇటరేషన్లు నడపడం. ఒక్కసారి తీసేస్తే చాలదా అంటారు. చాలదు. మన రెండంతస్తుల్లో రెండు ఐగెన్ వాల్యూల నిష్పత్తి 6.85. రౌండింగ్ వల్ల పదహారో అంకెలో మొదటి మోడ్ తాలూకు దుమ్ము ఎప్పుడూ ఉంటుంది, అది ఇటరేషన్‌కి 6.85 రెట్లు పెరుగుతుంది. 19, 20 ఇటరేషన్లు అయ్యేసరికి ఆ దుమ్మే రెండో మోడ్ అంత అవుతుంది, ఇంకో రెండు మూడు నడిపితే మీకు కనిపించేది మళ్ళీ మొదటి మోడే. అందుకే ప్రతి ఇటరేషన్‌లోనూ ఊడ్చెయ్యాలి. స్ట్రక్చరల్ డైనమిక్స్ వాళ్ళు స్వీపింగ్ మ్యాట్రిక్స్ అనేది ఈ ఊడ్పునే.

మూడోది సైజు. పెద్ద మోడల్‌లో మ్యాట్రిక్స్ నిండా సున్నాలే ఉంటాయి, ఆ సున్నాల వల్లే అది మెమరీలో పడుతుంది. వెక్టర్‌తో తయారైన మ్యాట్రిక్స్‌ని దాంట్లోంచి తీసేస్తే సున్నాలన్నీ నిండిపోతాయి. లక్ష అన్‌నోన్‌లు ఉంటే వెయ్యి కోట్ల ఎంట్రీలు, ఒక్కోటి 8 బైట్లు, అంటే 80 జీబీ. కాబట్టి మ్యాట్రిక్స్‌ని తయారు చెయ్యకండి, వెక్టర్ మీద దాని పని మాత్రం చెయ్యండి: ముందు ఒరిజినల్‌తో గుణించండి, తర్వాత పాత మోడ్‌తో డాట్ ప్రోడక్ట్ చేసి ఆ భాగం తీసెయ్యండి. ఫలితం అదే, ఖర్చు ఒక డాట్ ప్రోడక్ట్.

ఇక్కడా పాత సూత్రమే, డిఫ్లేట్ చేసి తెచ్చుకున్న మూడో మోడ్ నాలుగో మోడ్ ఆఖరి జవాబు కాదు. ఆ విలువని షిఫ్ట్‌గా పెట్టి ఒరిజినల్ మ్యాట్రిక్స్‌ల మీద ఒకటి రెండు ఇన్వర్స్ ఇటరేషన్లు నడిపితే శుభ్రపడుతుంది. సిమెట్రిక్ కాని మ్యాట్రిక్స్ అయితే హోటెలింగ్ పనికిరాదు, ఎడమ కుడి ఐగెన్ వెక్టర్లు వేరు కాబట్టి వీలాంట్ పద్ధతికి వెళ్ళాలి, మీకు ఆ అవసరం లేదు.

నిజం చెప్పాలంటే 12 అంతస్తులకి ఇంత కూడా అక్కర్లేదు. ల్యాపాక్ అనే రెడీమేడ్ మ్యాట్రిక్స్ లైబ్రరీలో సిమెట్రిక్ రొటీన్ పిలవండి, కన్ను మూసి తెరిచేలోగా పన్నెండూ ఇస్తుంది. దాని లోపల కూడా డిఫ్లేషనే నడుస్తుందని తెలిస్తే చాలు. 1961 నాటి ఫ్రాన్సిస్ క్యూఆర్ అల్గారిథమ్‌లో డయాగనల్ పక్కన ఉన్న ఎంట్రీ, దాని అటూ ఇటూ ఉన్న డయాగనల్ ఎంట్రీలతో పోలిస్తే రౌండింగ్ కంటే చిన్నదైపోతే దాన్ని సున్నా అని రాసేసి మ్యాట్రిక్స్‌ని రెండు ముక్కలు చేస్తారు. అక్కడ వాడేది ఆర్థోగనల్ రొటేషన్లే కాబట్టి తప్పు పెరగదు, ఉన్నచోటే ఉంటుంది. సింథటిక్ డివిజన్‌కి లేని గుణం అది. 2002లో బ్రామన్, బయర్స్, మథియాస్ దీన్నే ఇంకా దూకుడుగా చేసి, ఒక్కో ఎంట్రీ సున్నా అయ్యేదాకా ఆగకుండా మూలలో ఉన్న ఒక చిన్న గడి మొత్తాన్ని ముందే పరీక్షించి తెగ్గొట్టే పద్ధతి తెచ్చారు, పెద్ద మ్యాట్రిక్స్‌లకి బోలెడు టైమ్ కలిసొచ్చింది.

మీరు అడగలేదు గానీ, నాకు డిఫ్లేషన్ బాగా అక్కరకొచ్చింది ఇంకో చోటండి: భూగర్భ జలాల మోడల్. మన డెల్టా అంటే ఒండ్రు, ఇసుక పొర కింద బంకమన్ను పొర, దాని కింద మళ్ళీ ఇసుక. కోనసీమలో సముద్రం దగ్గరకి పోయేకొద్దీ ఉప్పునీరు ఎంత లోపలికి వస్తుందో చూడాలంటే ముందు నీటి పీడనం లెక్క కట్టాలి. ఇసుకలో నీరు పారే వేగానికీ బంకమన్నులో పారే వేగానికీ లక్షల రెట్లు తేడా ఉండొచ్చు. అలాంటి మ్యాట్రిక్స్‌లో కొన్ని ఐగెన్ వాల్యూలు మరీ చిన్నవై సున్నాకి అతుక్కుని ఉంటాయి. కాంజుగేట్ గ్రేడియెంట్ (పెద్ద ఈక్వేషన్ల గుంపుని మెట్టుమెట్టుగా సాల్వ్ చేసే పద్ధతి) నడిపితే రెసిడ్యువల్, అంటే జవాబుని ఈక్వేషన్లలో పెడితే మిగిలే తేడా, చక్కగా తగ్గిపోయినట్టు కనిపిస్తుంది, ప్రోగ్రాం ఆగిపోతుంది, పీడనం మాత్రం తప్పు. రెసిడ్యువల్ చిన్నదైతే జవాబు సరైనదే అనే నమ్మకం ఇక్కడ చెల్లదు.

దీని మీద 1999లో వ్యూక్, సెగల్, మెయెరింక్ అనే నెదర్లాండ్స్ వాళ్ళు చేసిన పని నాకు బాగా నచ్చింది. ఆ చెడ్డ ఐగెన్ వెక్టర్లు ఎలా ఉంటాయో పొరలు చూస్తేనే తెలిసిపోతుంది, ఒక్కో ఇసుక పొర మీద దాదాపు స్థిరంగా ఉంటాయి. కాబట్టి వాటిని కచ్చితంగా లెక్కగట్టకుండానే, పొరకొక ఉజ్జాయింపు వెక్టర్ రాసుకుని ఆ భాగాన్ని ముందే విడిగా సాల్వ్ చేసేసి, మిగిలినదాని మీద కాంజుగేట్ గ్రేడియెంట్ నడపొచ్చు. ఇందాకటిదాకా డిఫ్లేషన్ అంటే దొరికినదాన్ని తియ్యడం, ఇక్కడ అడ్డొచ్చేదాన్ని తియ్యడం. ఉజ్జాయింపు వెక్టర్లే అయినా జవాబు పాడవదు, ఎందుకంటే తీసేసిన భాగాన్ని చివర్లో ఒరిజినల్ మ్యాట్రిక్స్‌తోనే మళ్ళీ కలుపుతాం. వెక్టర్లు ఎంత బాగుంటే అంత త్వరగా కన్వర్జ్ అవుతుంది, అంతే తేడా.

ఒకే నాన్‌లీనియర్ సిస్టమ్‌కి రెండు మూడు జవాబులు ఉన్నప్పుడు కూడా ఇదే కిటుకు పని చేస్తుంది. భీమవరం వైపు చేపల చెరువుల మీద ప్లాంక్టన్ మోడల్ చేసే కుర్రాళ్ళకి ఇది చెప్తుంటాను, అవే మేత, అవే ఎరువులు, కానీ చెరువు తేరుకుని ఉండే స్థితి ఒకటి, పచ్చగా చిక్కబడి ఉండే స్థితి ఒకటి, మధ్యలో నిలకడ లేనిది ఇంకోటి. న్యూటన్ ఎప్పుడూ ఒకదాని దగ్గరకే పోతుంటే, దొరికిన జవాబుకి ఉన్న దూరం వర్గాన్ని తిరగేసి దానికి ఒకటి కలిపి మొత్తం సిస్టమ్‌ని దాంతో గుణించాలి. మూలం 1971లో బ్రౌన్, గియర్‌హార్ట్‌లది, ఆ ఒకటి కలపడం 2015లో ఫారెల్, బర్కిసన్, ఫుంకే చేర్చింది. అది లేకపోతే దూరం వెళ్ళేకొద్దీ మొత్తం సున్నా వైపు పోతుంది, న్యూటన్ అనంతానికి పరిగెత్తి జవాబు దొరికిందంటుంది. ఇంకో సౌకర్యం ఏంటంటే, డిఫ్లేట్ చేసిన సిస్టమ్ న్యూటన్ స్టెప్‌కీ మామూలు స్టెప్‌కీ దిశ ఒకటే, పొడవే వేరు (కొన్నిసార్లు గుర్తు కూడా తిరగబడుతుంది). కాబట్టి పాత కోడ్‌లో సాల్వర్ ముట్టుకోకుండా వచ్చిన స్టెప్‌ని ఒక సంఖ్యతో గుణిస్తే సరిపోతుంది. అన్‌నోన్‌లన్నీ ఒకే యూనిట్లలో లేకపోతే ఆ దూరానికి అర్థం ఉండదు, ముందు స్కేల్ చేసుకోండి. ఇంకేం దొరకడం లేదంటే ఇంకేం లేవని కాదు, ఈ పద్ధతి అలాంటి హామీ ఏదీ ఇవ్వదు.

చివరిగా చెకింగ్ గురించి, ఎందుకంటే మీ ప్రశ్న చివర్లో "రూట్ల మొత్తం సరిగ్గానే వస్తోంది, అయినా ఎందుకిలా" అని రాశారు. మొత్తం ఎప్పుడూ సరిగ్గానే వస్తుందండి, పైనుంచి చేసే సింథటిక్ డివిజన్‌లో రూట్ ఎంత తప్పైనా సరే. 1.87తో చేసినప్పుడు మిగిలిన రెండింటి మొత్తం 0.13, కలిపితే 2, కోఎఫిషియెంట్‌తో సరిపోయింది. 1000.01తో చేసి కాంప్లెక్స్ జంట తెచ్చుకున్నప్పుడు కూడా 1000.01 + 0.991 = 1001.001, అదీ సరిపోయింది! డివిజన్ మొదటి మెట్టే ఆ తీసివేత కాబట్టి సరిపోక చస్తుందా. లబ్ధం చూడండి. కాలువ లెక్కలో 0.4587 రావాల్సిన చోట 0.4546 వస్తుంది, రెండో దాంట్లో 1 రావాల్సిన చోట 9991 వస్తుంది. మీ పన్నెండు రూట్లనీ గుణించి స్టిఫ్‌నెస్ డిటర్మినెంట్‌ని మాస్ డిటర్మినెంట్‌తో భాగించినదానితో పోల్చండి, ఎన్నో రూట్ దగ్గర తేడా మొదలైందో పట్టుకోవాలంటే ప్రతి డివిజన్ తర్వాతా మిగిలిన రిమైండర్ ప్రింట్ చేసుకోండి.